నతానియేలు డాక్టరుగారి గుర్రం

మా అల్లవరం వైపు ఇసుకలో సైకిలు నడవదు. నతానియేలు డాక్టరుగారు ఎనభై ఎనిమిదిలో పోయేదాకా ఆ ఇసుకలో కాలినడకనే తిరిగారు. మధ్యలో మూడేళ్ళు మాత్రం ఆయనకో గుర్రం ఉండేది. ఆ మూడేళ్ళ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు. కానీ చెప్పాల్సినవాణ్ణి నేనే.

నా పేరు వీర్రాజు. అప్పట్లో రైసుమిల్లులో ఇంజను డ్రైవర్ని. నతానియేలు గారు మిషను ఆసుపత్రిలో పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేసి, ఊరికి తిరిగొచ్చి వైద్యం మొదలుపెట్టిన మనిషి. సముద్రపొడ్డు పల్లెల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఏ ఆడకూతురికి నొప్పులొచ్చినా కబురు ఆయనకే వచ్చేది. ఆయన తండ్రి మా ఊరి చేలల్లో కూలి చేసినవాడు. అందుకని, గుర్రం కొన్నారని తెలియగానే "పాలేరు కొడుకు గుర్రమెక్కుతాడట" అని అరుగుల మీద కూర్చుని ఎకసెక్కాలాడినవాళ్ళున్నారు. తెల్లారేసరికి పిల్లకు విరేచనాలంటూ వాళ్ళే ఆయన గుమ్మంలో నిలబడేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం మాట్లాడకుండా సంచీ అందుకునేవారు.

డెబ్బై ఐదులో రాజమండ్రిలో జట్కాలు మూలపడుతుంటే, ఒక జట్కా సాయిబు దగ్గర రెండేళ్ళ ఆడగుర్రప్పిల్లను తెచ్చుకున్నారు. రూతు అని పేరు పెట్టారు. ఆయన భార్య కృపావతి గారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. బడికి వెళ్ళేముందు రోజూ దాని ముఖం తుడిచి, జూలు దువ్వి, నాలుగు మాటలు చెప్పిగానీ కదిలేవారు కాదు.

మా ప్రాంతంలో గుర్రాన్ని సాకడం ఎవరికి తెలుసు? గేదెను సాకడం తెలుసు. గేదెకు బలం తవుడు. బియ్యం పాలిష్ పట్టేటప్పుడు దిగే మెత్తటి తవుడు వెచ్చగా, తియ్యటి వాసన వేస్తూ ఉంటుంది. అందులో మేలైనది నేనే ఎత్తి పక్కన పెట్టి పంపేవాణ్ణి. పూటకు కుంచెడు, బెల్లం నీళ్ళతో కలిపి పెట్టేవారు. రూతు గోలెంలోంచి తల ఎత్తేది కాదు. పచ్చగడ్డి వేశామా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

ఏడాది తిరిగేసరికి దానికి బుగ్గలొచ్చాయి. "ఏం పెడుతున్నారండీ, ముఖం నిండుగా ఉంది" అని దారిన పోయేవాళ్ళు ఆగి అడిగేవారు. కృపావతి గారు ఆ బుగ్గలు నిమిరి నవ్వేవారు. నేను నా మిల్లు గొప్ప చెప్పుకునేవాణ్ణి.

దానికి మూడేళ్ళు నిండాక ఆయన ఎక్కడం మొదలుపెట్టారు. నడక బాగుండేది. చిన్న పరుగూ ఫరవాలేదు. దౌడు తియ్యమంటేనే చిక్కొచ్చింది. వెనకకాళ్ళు రెండూ జతగా ఎత్తి కుందేల్లా నాలుగు గెంతులు గెంతి ఆగిపోయేది. ఒకరోజు కుడి ముందుకాలు కుంటేది, మర్నాడు ఎడమ వెనకకాలు. గిట్టలెత్తి చూస్తే ముల్లు లేదు, మేకు లేదు. తడిమి చూస్తే ఎక్కడా వాపు లేదు.

"ఇది వేషాలేస్తోందండి," అన్నాను నేను. "నిజంగా నొప్పయితే ఒకటే కాలు కుంటాలి కదండీ."

"బలం చాల్లేదేమోనండి," అన్నారాయన.

కుంచెడు కాస్తా కుంచెడున్నర చేశాం.

డెబ్బై ఏడు వేసవిలో ఒక పొద్దున, ఒడ్డు పల్లెలో కాన్పు కష్టమైందని కబురొచ్చింది. నాలుగు మైళ్ళ ఇసుక. రూతు మీదెక్కి అదిలించారు. గెంతింది, ఆగింది. మళ్ళీ అదిలించారు, మళ్ళీ ఆగింది. కోపమంటే ఎరగని ఆ మనిషి కిందికి దిగి, సరుగుడు కొమ్మ విరిచి దాన్ని కొట్టారు. ఐదారు దెబ్బలు. మిల్లు గుమ్మంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆపలేదు సరికదా, ఈ పని ఎప్పుడో చెయ్యాల్సిందనుకున్నాను. అది పారిపోలేదు. వణుకుతూ ఆయన ముందే నిలబడింది. ఆయన కళ్ళెం నా చేతికిచ్చి నడిచి వెళ్ళారు. తల్లీ బిడ్డా దక్కారు. అంటే, ముందే నడిచి వెళ్ళినా సరిపోయేదే. రూతు మాత్రం ఆ దెబ్బలు తిననే తింది.

ఆ శీతాకాలంలో, మిలిటరీలో గుర్రాల డాక్టరుగా చేసి రిటైరైన శ్రీరామచంద్రమూర్తి గారు మామిడికుదురులో ఉంటున్నారని తెలిసింది. బతిమాలి తీసుకొచ్చాం. ఆయన దాని కాళ్ళ వంక చూడనే లేదు. తిన్నగా ముఖం దగ్గరకు వెళ్ళి, బుగ్గల మీద వేలితో తట్టారు.

"ఏం పెడుతున్నారు?"

"తవుడండి," అన్నాను నేను ముందుకొచ్చి. "మా మిల్లుదేనండి, మేలురకం. పూటకు కుంచెడున్నరండి."

ఆయన ఆ బుగ్గలు ఇంకోసారి తడిమారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"ఇది కండ కాదండి, ఎముక వాచింది. తవుడు ఎక్కువైతే గుర్రం ఒంట్లో సున్నం నిలవదు. ఎముకల్లో ఉన్నది కూడా కరిగిపోయి అవి గుల్లబారిపోతాయి. గేదెకు పడుతుంది గాని, గుర్రానికి పడదు."

"మరి రోజుకో కాలు కుంటుతుందేంటండి?" అని నేనే అడిగాను.

"నాలుగూ నొప్పేనండి. ఏ రోజు ఏ కాలు ఓర్చుకోలేకపోతే ఆ రోజు ఆ కాలు కుంటింది. అంతే."

"నేను దాన్ని కొట్టేనండి," అన్నారు నతానియేలు గారు ఆయనతో.

ఆ పూటే తవుడు మాన్పించాం. పచ్చగడ్డి, ఎముకల పొడి, సున్నపుతేట, ఏం చెప్తే అది పెట్టారు. కుంటడం కాస్త తగ్గింది. కానీ దవడలు కోలుకోలేదు. గడ్డి నమలబోయి, నొప్పికి ఉండచుట్టి కింద జార్చేసేది. కృపావతి గారు గడ్డిని రోట్లో వేసి దంచి పెట్టారు. అదీ మింగలేకపోయింది. పళ్ళు కదిలాయి, పక్కటెముకలు బయటపడ్డాయి. గుర్రాల డాక్టరుగారు మళ్ళీ వచ్చి చూసి, ఆలస్యమైపోయిందన్నారు. నేను వాళ్ళింటి వైపు వెళ్ళడం మానేశాను. ఆ దంపతులు నన్ను ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నతానియేలు గారు ఖాళీ సంచీతో మిల్లుకొచ్చారు.

"కాస్త తవుడు ఇప్పించండి వీర్రాజుగారూ."

"గుర్రాల డాక్టరుగారు వద్దన్నారు కదండీ."

"ఆయ్, వద్దన్నారండి. ఇంకేదీ నమల్లేకపోతోంది. ఎలాగూ దక్కదండి. ఆకలితో పంపలేను."

జల్లించి, మెత్తటిది నేనే మోసుకెళ్ళాను. ఆయన బెల్లం నీళ్ళతో కలిపి అరచేతిలో పెట్టి మూతికందించారు. రూతు తింది. నెలల తర్వాత కడుపారా తింది. చెయ్యి ఖాళీ అయినా నాకుతూనే ఉంది. ఆయన ఏడుస్తూనే రెండో చెయ్యి పట్టారు. నాకూ ఏడుపాగలేదు.

"చూసేరా వీర్రాజుగారూ," అన్నారు. "నేను కొట్టింది చాలక, కోపంతో తిండి కూడా మానిపించేననుకుంది కాబోలండి."

అది ఇంకో నాలుగు రోజులు బతికింది. నాలుగు రోజులూ తవుడే పెట్టాం.