ఓబయ్య చేనులో వెడల్పు సాళ్లు

1878 భాద్రపదంలో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరి తాలూకాకు విత్తనాల తనిఖీకి పంపారు. అప్పుడు నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టరును; తహసీల్దారుకు కింద, గ్రామ మునసబులకు పైన. కరువులో విత్తనం కూడా తినేసిన రైతులకు సర్కారు అనుములు పంచింది. ఇరవై రోజులకు చేను చూసి, గింజ నేలలో పడిందో కడుపులో పడిందో రాయడం నా పని. తిన్నట్టు తేలితే రెండో విడతలో ఎద్దుల దాణాకిచ్చే ఉలవలు ఇవ్వరు. ఆ మెట్టలో ఎద్దులు బతికేది ఉలవలతోనే.

సీతారామపురం దగ్గరి ఒక పల్లెలో మునసబు నా వెంట నడుస్తూనే ఒక మాట అన్నాడు: "ఆకలిగొన్నోడికి గింజలిచ్చి చేలో ఎతుకుతా ఉండారే అయ్యా." అది విన్నాక నాకు పైరు కన్నా ఖాళీలే ఎక్కువ కనబడసాగాయి.

ఆ పల్లె రైతు ఓబయ్య చేనులో, మామూలు లెక్కన సాళ్ల మధ్య జానెడున్నర ఎడం ఉండాలి. నా కొలకర్రకు మూడు జానలు తేలింది. సగం గింజ ఏదని అడిగాను. విత్తే గొర్రుకున్న మూడు గొట్టాల్లో నడిమిదానికి గుడ్డ కుక్కి ఎడంగా విత్తానన్నాడు. ఆ ఎడంలో, ఎద్దుల మూతికి చిక్కాలు కట్టి గుంటక తోలతాడట. గుంటక ఇనుప పలక మట్టి కింద జారుతూ కలుపు వేళ్లు కోస్తుంది. నేను పుట్టింది వరి నేలలో; కలుపంటే ఆడవాళ్లు వంగి తీసేదనే ఎరుగుదును. అలాగే తీయించవచ్చు కదా అన్నాను.

"తీసే చేతులు కరువులో పోయినాయి సామీ. ఇంట్లో మిగిలింది నేనూ, రెండెద్దులూ. మిగతా గింజ గుట్టవతల వేసినాను. రాండి, చూపిస్తా."

మునసబు నవ్వాడు. "గుట్ట దాటేలోగా ఇంకో కత అల్లతావులేరా."

పొరుగువాడి చేను తనదని చూపిస్తాడని నేనూ అనుమానించాను. గుట్ట ఎక్కలేదు. "సగం విత్తనం తినివేయబడినది" అని రాసి సంతకం పెట్టాను.

పుష్యంలో అజమాయిషీకి, అంటే పంట ఎంత నిలిచిందో చూడడానికి, మళ్లీ వెళ్లాను. దగ్గర సాళ్ల చేలల్లో అనుముల్ని గరిక మింగేసింది. మునసబు చేనూ అంతే. ఓబయ్య చేను మాత్రం శుభ్రంగా, కాయ బరువుకు వాలి ఉంది. ఈసారి గుట్ట ఎక్కాను. అవతల అదే ఎడంతో సాళ్లు. సగం దాకా శుభ్రం, ఆపైన గడ్డి. ఆ హద్దు దగ్గరే గుంటక పడి ఉంది. ఉలవలు అందక కార్తీకంలో ఒక ఎద్దు చచ్చిపోయిందట.

"ఒంటెద్దుకు గుంటక సాగదు సామీ," అన్నాడు ఓబయ్య. "ఆ పొద్దు మీరు ఈడిదాకా నడిచుంటే చాలు."

నా తప్పు ఒప్పుకుంటూ పైకి రాశాను. ముగిసిన దస్త్రం తిరగదోడరని జవాబు వచ్చింది. చూపు తగ్గి ముందుగానే పింఛను పుచ్చుకున్న నాకు ఆ రాత దిద్దడానికి ఇదొక్కటే చోటు: ఓబయ్య విత్తనం తినలేదు. మొత్తం విత్తాడు.

సాలు ఎడం ఎందుకో గుంటక తోలేవాణ్ని అడగాలి. అడిగాక చేను చివరిదాకా నడవాలి. నేను మొదటిది చేసి, దాన్నే తనిఖీ అన్నాను.