కీబోర్డు చప్పుడు

మొన్న మా మనవడు, అదేదో స్టార్టప్పులో ఉద్యోగంలెండి, ల్యాప్‌టాప్ ముందేసుకుని కళ్ళు మూసుకుని గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, పనేం లేదేంట్రా అనడిగాను. ఆలోచించడమే నా పని తాతయ్యా, కాసేపు కదిలించకు అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎనభైల చివర్లో, నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే మా మేనమామకి కంప్యూటర్ పిచ్చి పట్టింది. ఏ తోట కాయ ఏ లారీలో పోయిందో అదే చెప్పాలి, ఆ ప్రోగ్రాముని తోటి వ్యాపారులందరికీ అమ్మాలి అని ఆయన ఆశ. అది రాయడానికి, బెజవాడలో కోర్సు చదివొచ్చిన మా ముసునూరు తోట కాపలాదారు కూతుర్నే పెట్టుకున్నాడు, వాళ్ళుండే గుడిసె మా తోటలోదే కనక నోరెత్తదని. ఆమె మీద అజమాయిషీ నాది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి, నాకు ఆ పెట్టె ఆన్ చెయ్యడం కూడా రాదు.

మా యార్డులో ఒకటే లెక్క: కాయలు ఏరే చేతులు ఆగాయంటే పని ఎగ్గొడుతున్నట్టే. ఆ అమ్మాయేమో పూటంతా కాగితాల్లోకి చూస్తూ కూర్చుని, చివర్లో పది నిమిషాలు టైపు కొట్టేది. చప్పుడు వినపడట్లేదేంటి అని మామయ్య నన్ను నిలదీసేవాడు. దాంతో నేను పక్కనే కుర్చీ వేసుకుని, వేళ్ళు ఆగినప్పుడల్లా బెత్తంతో బల్ల మీద కొట్టేవాణ్ణి. ఆమె హడలిపోయి, కొట్టిందే కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టేది. చప్పుడు విని మామయ్య మురిసిపోయాడు, సిగ్గులేకుండా నేనూ మురిశాను.

వ్యాపారుల్ని పిలిచి చూపించిన రోజు, చింతలపూడి తోట కాయ ఏ లారీలో పోయిందని అడిగితే తెర మీద ఒక్క అక్షరం రాలేదు. మామయ్య అందరి ముందూ ఆమె తండ్రిని పిలిపించి, గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు. ఆ ముసలాయన కాళ్ళ మీద పడ్డాడు. ఆ అమ్మాయి తండ్రిని లేవదీసి నావైపు తిరిగింది.

"నాలుగు రోజులు మీరు పక్కన లేకపోతే అయిపోయేదండీ."

మామయ్య నన్ను చూశాడు. కుర్చీలో కూర్చుని నిద్రపోయేదండీ అని చెప్పాను, అందరూ నవ్వారు. తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఇప్పుడు కాలం మారింది, ఆలోచించేవాళ్ళని కదిలించకుండా తలుపులేసి మరీ కూర్చోబెడుతున్నారట. ఆ రోజులే బాగుండేవని నా ఈడువాళ్ళు అంటుంటే నేనూ తలూపుతాను. నిజమే, నాకు బాగానే ఉండేవి: పనివాళ్ళ చేత పని చేయించడం తెలిసినవాడని, మామయ్య ఆ వారమే నన్ను మేనేజర్ని చేశాడు.