జీడితోటలో ఊడ్చినంత మేర

లారీ మమ్మల్ని దించేసరికి పొద్దున్న పది దాటింది. ఎర్ర మట్టి. ఎడమ నుంచి సముద్రం గాలి, కుడి వైపు తోట, మధ్యలో గుంతలు పడ్డ రోడ్డు. రోడ్డుకి రెండు పక్కలా ఎర్ర టేపు లాగి, దానికి పుర్రె బొమ్మ రేకులు వేలాడదీశారు. హవల్దారు మొదట చెప్పిన మాట ఒకటే. టేపు దాటి కాలు పెట్టకూడదు, మూత్రానికైనా సరే.

అది ఆఫ్రికా తీరంలో ఒక దేశం. పేరు రాయను. అలాంటివి ఇంకా ఉన్నాయి, ఏ పేరు రాసినా కథ మారదు. మాది కేంద్ర బలగం నుంచి వెళ్ళిన ఆడవాళ్ళ ప్లాటూన్. నెత్తిన నీలం హెల్మెట్, ఒంటి మీద బరువైన చొక్కా, చేతిలో రైఫిల్. రేవు నుంచి లోపలి ధాన్యం గోదాముల దాకా రోడ్డులో మందుపాతరలు తీస్తున్నారు. తీసేవాళ్ళకి కాపలా కాయడం మా పని. నేను కానిస్టేబుల్ని. చదువు ఎనిమిది వరకే. మ్యాపు చూడడం బలగంలో నేర్చుకున్నాను.

తోట చూసి నాకు నవ్వొచ్చింది. జీడితోట. సముద్రాలు దాటించి తెచ్చి మళ్ళీ జీడిచెట్ల పక్కనే నిలబెట్టారు. మా ఊరు భావనపాడు దారిలో ఉంది. ఊరి చుట్టూ ఇసక, ఇసకలో జీడి. పండు పులిసిన ఆ వాసన నిద్రలో కూడా పోల్చుకుంటాను. కాకపోతే ఇక్కడ పండ్లు రాలినవి రాలినట్టు కుళ్ళిపోతున్నాయి. ఏరేవాళ్ళు లేరు. జీడిపిక్కంతా నేలపాలు. మా ఇంట్లో ఒక్క పిక్క మట్టిలో వదిలేసి వస్తే మా అమ్మ అన్నం ముందునుంచి లేపి మళ్ళీ తోటకి పంపేది.

తెలియనివాళ్ళకి చెప్తాను. జీడిని మేం చెట్టు మీద కోయం. పండు ముగ్గి తనంతట తను రాలాలి. అందుకని కాపు రాకముందే చెట్టు కింద ఆకంతా గుండ్రంగా ఊడ్చేస్తాం. ఊడ్చిన నేల మీద పిక్క కనబడుతుంది. పామున్నా కనబడుతుంది.

రెండో వారంలో ఒకరోజు ఆరు నుంచి పది దాకా ఇసక బస్తాల పోస్టులో నాది డ్యూటీ. దుర్భిణి పెట్టి తోట చూస్తున్నాను. టేపుకి అవతల, పుర్రె బొమ్మలు దాటాక, కొమ్మల సందున కనబడే ఒక చెట్టు కింద ఆకు లేదు. గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మా వైర్‌లెస్ ఆపరేటరు పాతపట్నం పిల్ల, నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. దాన్ని పిలిచాను.

“అటు సూడే. ఆ సెట్టు కింద ఎవులో ఊడిసినారు.”

“గాలికి ఆకు ఎగిరిపోనాది అప్పా.”

“గాలికి గుండ్రంగా ఊడవడం వస్తాదేటే?”

అది మళ్ళీ చూసింది. పోస్టు కమాండరు ఇన్‌స్పెక్టర్ మేడమ్‌కి చెప్పాం. ఆవిడ వెంటనే నమ్మింది. లోపలికి ఎవరైనా వెళ్తున్నారంటే ఏదో ఒక రోజు పేలుతుంది, ఎవరో కనుక్కోండి అంది.

కనుక్కోవడం కష్టం కాలేదు. మా నీళ్ళ బండి డ్రైవరు ఆ ఊరివాడే. రేవులో మన దేశపు సేటు కొట్లో పనిచేసి హిందీ నేర్చాడు. ఆమె పేరు అమీనా అనీ, ఆ తోట వాళ్ళ మామగారు వేసిందనీ చెప్పి తీసుకొచ్చాడు. ఇంచుమించు నా ఈడు మనిషి. బక్కగా, గట్టిగా ఉంది. దాచలేదు, భయపడలేదు. చీపురుకి పొడుగాటి గెడ కట్టుకుంటుందట. ఊడ్చిన చోట నిలబడి ఊడ్వని చోటికి చాచి ఆకు లాగుతుందట. ఆకు తీశాక మట్టి ఉబ్బినట్టున్నా, తీగ కనబడినా ఆగిపోతుంది. లేకపోతే ఓ అడుగు ముందుకి. అలా ఏడాదికో చెట్టు తిరిగి తనది చేసుకుంటోంది. వాళ్ళన్న తొందరపడి నేరుగా లోపలికి నడిచి, పాతర మీద కాలేసి చచ్చిపోయాడు. అందుకని తను తొందరపడదు.

పాతరలు తీసే జట్టుకి పెద్ద ఒకడున్నాడు, వేరే దేశం మనిషి. ఆమె పద్ధతి విని తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ వానలకి మట్టి సర్దుకుపోయింది, పైకి ఏమీ తెలియదు, చీపురుతో వెతకడమంటే చావుతో ఆడడమే అన్నాడు. ఆ మాట నేనే ఆమెకి చెప్పించాను. మానెయ్యమన్నాను. ఆమె డ్రైవరు వైపు చూడకుండా నా వైపే చూసి ఒక మాట అంది. నీ తోటైతే మానేస్తావా అని అడుగుతోందని డ్రైవరు చెప్పాడు.

ఆమె అడిగింది పెద్ద కోరిక కాదు. తోటంతా వద్దు. తన ఇంటి వైపు మొదటి వరస, పదకొండు చెట్లు, కింద పాతరుంటే మోగే యంత్రం పెట్టి చూసిమ్మంది. మేడమ్ హెడ్‌క్వార్టర్స్‌కి అడిగింది. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా వైర్‌లెస్‌లో అదే జవాబు.

“రోడ్డు మాత్రమే. తోట మన పరిధిలో లేదు. ఓవర్.”

పాతపట్నం పిల్ల చెవులకున్నవి తీసి బల్ల మీద పడేసింది. “మన మండలాఫీసుకీ దీనికీ ఏటి తేడా అప్పా?”

“మండలాఫీసుకైతే ఎల్లి గుమ్మం కాడ కూకోవచ్చు. దీనికి గుమ్మమేదే?”

సాయంత్రాలు జట్టువాళ్ళు ఆ రోజు తీసినవి టార్పాలిన్ మీద పరిచేవారు. మందు తీసేసిన ఖాళీ డొల్లలు. కొన్ని బూటు పాలిష్ డబ్బాలా, కొన్ని టిఫిన్ గిన్నె మూతలా ఉండేవి. వాటి మీద అక్షరాలు జట్టు పెద్ద చూపించాడు. ఇవి రష్యా వైపునుంచి వచ్చినవి, ఇవి అమెరికా వైపునుంచి. రష్యా సాయం చేసిన గుంపు మొదట తోటలో పూడ్చింది. తర్వాత అమెరికా సాయం చేసిన గుంపు వాళ్ళని తరిమి, దాని మీదే మళ్ళీ పూడ్చింది. పూడ్చినవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. ఎక్కడ పూడ్చారో చెప్పేవాళ్ళు లేరు. పాతర పెట్టడానికి చెంబుడు నీళ్ళు తాగినంత సేపు చాలు. తీయడానికి ఒక మనిషి బోర్లా పడుకుని సన్నటి ఇనప చువ్వతో పూటంతా గుచ్చాలి. ఇంత దుబారా నేను ఎక్కడా చూడలేదు.

ఆఖరికి జట్టు పెద్దే దారి చూపించాడు. ఆదివారం సెలవు. కొత్తగా వచ్చిన ఇద్దరికి తర్ఫీదు ఇవ్వాలి, తర్ఫీదు ఎక్కడిచ్చినా ఒకటే కదా అన్నాడు. మేడమ్ విననట్టు ఊరుకుంది. ఆరింటికి మొదలుపెట్టారు. మేం నలుగురం కాపలా నిలబడ్డాం. చూసినంత మేర తెల్ల రంగు పూసిన మేకులు దిగేస్తూ వెళ్ళారు. అమీనా తన గుమ్మంలో కూర్చుని చూసింది. ఆమె చీపురుతో గెలుచుకున్న నాలుగు చెట్లూ ఎండెక్కేసరికి దాటేశారు. ఏమీ దొరకలేదు. చూశారా అన్నట్టు నా వైపు తలెగరేసింది.

అయిదో చెట్టు ఆమె ఇంకా ఊడ్వనిది. అక్కడ యంత్రం మోగింది. జానెడు ఎడంలో రెండున్నాయి. ఒకటి వాళ్ళది, ఒకటి వీళ్ళది. వానకి మట్టి కొట్టుకొచ్చి రెండిటినీ ఒకే దుప్పటి కింద పడుకోబెట్టింది. వాటిని తీయడానికే మధ్యాహ్నం రెండయింది. తీసి గట్టు మీద పెట్టారో లేదో, వైర్‌లెస్ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

“అప్పా, రేపు అయిదున్నరకే కాన్వాయి. రోడ్డు తెరిసీసినట్టు పైన రాసీసినారట. ఇప్పుడే అన్నీ సర్దీమంతన్నారు.”

జట్టు పెద్ద యంత్రం ఆపేశాడు. అయిదో చెట్టు దగ్గర ఆఖరి తెల్ల మేకు దిగేశాడు. మిగతావి ఎప్పుడని అమీనా అడిగించింది. ఇంకో జట్టు వస్తుందన్నాడు, తన బూట్లు చూసుకుంటూ. రాదని ఆయనకి తెలుసు, ఆమెకి తెలుసు. ఆమెకి ఇచ్చిపోదామంటే నా దగ్గర ఏముంది? కాళ్ళకున్న బూట్లు కూడా సర్కారువే.

ఇంటికి వచ్చిన వారం పదిరోజులు చుట్టాలు వచ్చి చూసి వెళ్ళారు. సింహాలున్నాయా, ఎండ ఎలాగుంటుంది, ఇవే ప్రశ్నలు. మా మరిది కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. టీవీ వార్తలంటే అన్నం కూడా మర్చిపోతాడు. వాడికి ప్రపంచమంతా తెలుసు.

“అయన్నీ గాదు గాని వొదినా, రష్యావోలూ అమెరికావోలూ అన్నేళ్ళు ఎదురెదురు నిలబడి ఒక్క తూటా కాల్సుకున్నారేటి? అణుబాంబుకి బయపడే ఊరుకున్నారు. బాంబుండబట్టే శాంతి.”

“ఆల వాకిట్లో కాల్సుకోనేదురా. పరాయోల తోటలో కాల్సుకున్నారు.”

“అదంతా ఎప్పుడో అయిపోనాది కదా.”

“పాతరకి ఎవులు సెప్పినార్రా అయిపోనాదని?”

వాడు నవ్వి టీవీ గొంతు పెంచాడు. ఇప్పుడు మనవలకి కూడా వాడే పాఠం చెప్తున్నాడు. ఈమధ్య మళ్ళీ ఆ రెండు దేశాలూ కళ్ళెర్రజేసుకుంటున్నాయని టీవీలో బొమ్మలు వేసి చూపిస్తున్నారు. ఒకాయన బల్ల మీద ఎర్ర మీట ఉంటుందట, నొక్కితే లోకం ఆఖరట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. మా వీధిలో కొందరు ఒకడు మంచివాడంటారు, కొందరు రెండోవాడు మంచివాడంటారు, దానికోసం టీ కొట్టు దగ్గర చొక్కాలు పట్టుకుంటారు. మీట నొక్కకుండానే ఆ తోటలో లోకం ఎన్నిసార్లు ఆఖరైందో చెప్పబోతే వినే ఓపిక ఒక్కరికీ లేదు. టీవీ కట్టెయ్యండి, కరెంటు బిల్లయినా తగ్గుతుందని చెప్పి ఊరుకుంటాను.

నాకు ఎర్ర మీట కలలోకి రాదు. వచ్చేది ఆ తెల్లవారుజాము. అయిదున్నరకి మా లారీ కదిలింది. నేను వెనక తలుపు దగ్గర కూర్చున్నాను, ముఖం తోట వైపు. మంచు ఇంకా విడలేదు. ఆఖరి తెల్ల మేకు పక్కన అమీనా నిలబడి ఉంది, రెండు చేతులా గెడ పట్టుకుని, ఒళ్ళు వెనక్కి వంచి. మమ్మల్ని చూడలేదు. ఆరో చెట్టు వైపు గెడ చాచింది. దాని చివర చీపురు గాలిలోకి లేచింది. అది నేలని తాకకముందే లారీ మలుపు తిరిగింది. చెవులు రిక్కించాను. ఇంజను మోతలో ఏమీ వినబడలేదు.