ప్రాగ్‌లో పలకరాయి

ప్రాగ్ అందమైన ఊరే. మా అన్న పక్కన లేకపోతే ఇంకా అందంగా ఉండేది.

మార్కాపురంలో పలకరాయి కోయించి విదేశాలకు పంపడం ఆయన వ్యాపారం. ప్రాగ్‌లో రాళ్ల ఎగ్జిబిషన్‌కు వెళ్తూ, వదినకు మోకాళ్ల నొప్పులని, ఆమెకు బదులు నన్ను వెంటబెట్టుకున్నాడు. మా నాయన అదే రాయి కోసే షెడ్లలో పనిచేసి, దగ్గి దగ్గి చనిపోయాడు. బీడీలు తాగి పోయాడని అన్న ఊరంతా చెబుతాడు. నాయన జన్మలో బీడీ ముట్టలేదు. ఆ మాట ఆయన వెనక్కి తీసుకునేలా చేయాలనే నేను బయల్దేరాను.

పగలంతా కోట, పాత వంతెన, చర్చిలు చూశాం. చూసింది నేను. ఆయన కనబడ్డ ప్రతి రాతినీ వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. మా ఊళ్లో పలకరాయిని అలాగే పరీక్షిస్తారు, ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. చర్చిలో ఒకరి సమాధిని కూడా కొట్టబోతే కాపలా ఆమె కసిరింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వంతెన మీద అడిగాను. "నాయన బీడీ తాగంగ నువ్వెప్పుడన్నా చూసినావా అన్నా?"

"ఇంత దూరమొచ్చి ఇప్పుడెందుకమ్మే ఆ సోది," అన్నాడు ఫోటో తీస్తూ. ఆ ఫోన్ లాక్కుని నదిలో పారేయాలనిపించింది.

సాయంత్రం హోటల్లో భోజనానికి కూర్చుంటే, పళ్లేలకు బదులు నల్లటి పలకరాళ్లు పెట్టారు. పలకను ఎంగిలితో తుడిస్తే వీపు మోగించిన ఇల్లు మాది. అన్న మొహం మాత్రం వెలిగిపోయింది.

"మన రాయి మాదిరే ఉందే," అంటూ కొట్టి చూశాడు. తర్వాత దాన్ని ఎత్తి, కళ్లు మూసుకుని, మొహం పక్కకు తిప్పి ఉఫ్‌మని ఊది, ఊపిరి బిగబట్టాడు. కడిగి తుడిచిన రాయి అది. దాని మీద దుమ్మే లేదు.

"అట్ల ఊదడం ఎవరు నేర్పించినారు నీకు?"

రాయి కింద పెట్టాడు. "నాయనే. షెడ్డులో."

"మరి బీడీలని ఎందుకు చెప్తావు?"

"దుమ్మని చెప్తే, రేపు నా షెడ్డులోకి పనికి ఎవరొస్తారు?"

ఇంతలో చీజ్ ముక్కలు తెచ్చి ఆ రాళ్ల మీద వడ్డించారు. ఆయన తిన్నాడు.