వీరాయమ్మ గారి గాజు సీసా

ఎదుటివాళ్ల మొహం మీద ‘వద్దు’ అనడం మా కోనసీమ వాళ్లకు చేతకాదు. ఆ మర్యాద ఎంత పని చేసిందో నేను మైక్రోస్కోపులో చూశాను.

అది 2006. బోదకాలు మీద జరిగే పరిశోధనలో నాది రక్తం పరీక్షించే ఉద్యోగం. అంబాజీపేట దగ్గర ఒక ఊళ్లో సువార్తమ్మ గారు ఆరోగ్య కార్యకర్త. తల్లి బోదకాలికి చిన్నప్పటి నుంచీ కట్లు కట్టిన మనిషి. ఏడాదికోసారి మాత్రలు పంచే రోజున పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా బయల్దేరి, పొద్దుగూకే దాకా ఇల్లిల్లూ తిరిగేవారు. మూడేళ్ల రిజిస్టరులో ఒక్క ఖాళీ లేదు. అందరూ మింగినట్టే. మొదటి పేరు ఆవిడదే.

బోదకాలు తెచ్చే పురుగు రాత్రిపూటే రక్తంలో తిరుగుతుంది కాబట్టి రాత్రివేళ వెళ్లి అందరికీ వేలు పొడిచి రక్తం తీశాం. మర్నాడు చూద్దును కదా, నూరు స్లైడుల్లో పదమూడింట్లో పురుగులే! ఆ ఊళ్లో మందు పనిచెయ్యడం లేదని మా డాక్టరు గారు రాయడానికి సిద్ధమయ్యారు. రాస్తే ఊరికి ఆ మాత్రలు ఆగిపోతాయి.

“ఒక్కరోజు ఆగండి సార్,” అని సువార్తమ్మ గారు డాక్టరు గారిని ఆపి, నన్ను వెంటబెట్టుకుని, తాను ఏటా మొట్టమొదట వెళ్లే రైతు ఇంటికి నడిచారు. ఇంటావిడ వీరాయమ్మ గారు ఎదురొచ్చారు.

“అమ్మగారూ, నిజం చెప్పండి. నేనిచ్చిన మాత్రలు మింగేరా?”

“దాచేమండి.” లోపలికెళ్లి ఒక గాజు సీసా తెచ్చారు. దాని నిండా మాత్రలే. ఇంటిల్లిపాదివీ, మూడేళ్లవీ.



“మొదటేడు పక్కింటాయనకి కళ్లు తిరిగేయండి. వద్దంటే మీరు నొచ్చుకుంటారని తీసుకునేవోళ్లం. మీ చేత్తో ఇచ్చినవి పారేస్తామా అండీ?”

నాకు ఒళ్లు మండింది. “వద్దని ఒక్క మాటంటే నోరు అరిగిపోద్దా అండీ?” అని అరిచేశాను.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. “మరి మీరు వేసుకున్నారా అండీ?” అని సువార్తమ్మ గారిని మామూలుగానే అడిగారు.

సువార్తమ్మ గారు సంచి దగ్గరికి లాక్కున్నారు. “అన్నం తిన్నాక వేసుకోవాలి కదండీ. పంచే రోజు నాకు అన్నమెక్కడిది? రేపేసుకుందాం, రేపేసుకుందాం అని...” సంచి లోపలి జేబులోంచి నలిగిన మాత్రలు తీశారు.

పదమూడు స్లైడుల్లో ఒకటి ఆవిడదే. పొద్దుటి నుంచీ ఆ మాట నా గొంతులోనే ఉంది. నేనూ కోనసీమదాన్నే మరి! అప్పుడు చెప్పాను. ఆవిడ అరుగు మీద కూలబడి, రెండు చేతులతో తన కాలు పట్టుకున్నారు.

వీరాయమ్మ గారు కంచంలో అన్నం, పప్పు వడ్డించి తెచ్చారు. మాత్రలు మొదలవక ముందు నుంచీ, ఏడేళ్లుగా ఆ గుమ్మంలోకి వస్తున్నా, సువార్తమ్మ గారు ఆ ఇంటి అన్నం తినడం అదే మొదలు. తిన్నారు. కొత్త మాత్రలు మూడు మా కళ్లెదుటే మింగారు. ఇంకో మూడు అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపారు.

“మీ భోజనం అయ్యిందా అమ్మగారూ?”

“ఆయ్, అయ్యిందండి.”

“అయితే మీరు మింగేదాకా నేనిక్కడే కూర్చుంటానండి.”

వీరాయమ్మ గారు ఆ చేతిలోని మాత్రలు తీసుకుని, మంచినీళ్ల చెంబు అందుకున్నారు.