మా గోంగూర సంఘం

మూడేళ్ళ కిందట, ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊరి శివార్లలో నేను పనిచేసే కూరగాయల ఫారానికి నీటి పైపులు వేయించడానికి ఇజ్రాయెల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన తాతలు కొచ్చి యూదులు. కేరళ వదిలి వెళ్ళి, తమలాంటి వాళ్ళతో కలిసి ఎండిన నేల మీద చిన్న ఊరు కట్టుకున్నారట. ఎవరి పొలం వారిదే, విత్తనం, నీళ్ళు, అమ్మకం మాత్రం ఉమ్మడి. ఒకరి పంట పోతే మిగతావాళ్ళు పెట్టాలి.

అది విని మా పనివాళ్ళ క్యాంపులోని నలుగురు తెలుగువాళ్ళం షెడ్డు వెనక గోంగూర వేశాం. మనిషికో వరస. మొక్క మొలవకముందే ఆ ఊరి నియమాలతోనే సంఘం పెట్టాం, నేను అధ్యక్షుణ్ణయ్యాను. గోదావరి జిల్లావాణ్ణి కదా, వ్యవసాయం నా రక్తంలోనే ఉందని నా నమ్మకం. నిజానికి ఊళ్ళో నేను చేసింది సెల్‌ఫోన్ల రిపేరు. పంట పోయినవాళ్ళకి పెట్టాలన్న నియమం మాత్రం నాకు నచ్చలేదు. పోయేది వాళ్ళదీ, పెట్టేది నేనూ అనుకున్నాను.

అబుదాబిలో ఒక ఇంట్లో వంటపని చేసే మా ఆవిడ, సెలవురోజున నన్ను చూడటానికి వస్తానంది. నా సొంత వరసలో నా చేత్తో పండించిన గోంగూర పెడతానని ఫోనులో గొప్పలు పోయాను. గల్ఫ్ వచ్చాక ఆమెకిచ్చిన మాట ఒక్కటీ నిలబెట్టుకోలేదు. ఇదొక్కటైనా నిలబెట్టుకోవాలని ఉండేది.

పెద్దాయన మా వరసలకీ వేసిపెట్టిన పైపులోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతుంటే నా ప్రాణం ఊరుకోలేదు. కాలువ కింద పుట్టినవాడికి అవీ ఒక నీళ్ళేనా? నా వరస చుట్టూ గట్టు కట్టి, మడి నిండా నీళ్ళు వదిలాను.

"గిన్ని నీళ్ళెందుకన్నా? మొక్కలు ఖలాస్ అయితయ్," అన్నాడు పక్క వరస నిజామాబాదాయన.

"నీళ్ళ సంగతి మాకు చెప్పకండి," అన్నాను.

వారం తిరిగేసరికి మొదళ్ళు కుళ్ళి నా వరసంతా వాలిపోయింది. పెద్దాయన చూసి, తన నాయనమ్మా మొదటి ఏడాది ఇదే చేసిందన్నాడు. "వానల దేశం నుంచి వచ్చింది కదా. ఆ ఏడాది ఆవిడకి ఊరే పెట్టింది."

మా ఆవిడ వచ్చే పొద్దున, మిగతా ముగ్గురూ తలా కాస్త కోసి నా గదిలో పెట్టి వెళ్ళారు. వద్దనడానికి అధ్యక్షుడికి నోరు రాలేదు.

ఆకు తుంచుతూ ఆమె ఆగింది. "ఏవండీ, ఒక్క వరసలో ఎర్ర కాడా తెల్ల కాడా కలిసి మొలిచాయా?"

"నాది పోయింది. ఇది వాళ్ళు పెట్టింది," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఆమె మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెట్టి, "మీరు తిన్నారో లేదో అడిగేవాళ్ళుండరని రోజూ బెంగగా ఉండేదండీ. ఇక ఉండదు లెండి," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు ఇంకా తరగలేదు, వాటి మీదికి నెట్టే వీలు కూడా లేకపోయింది.