నిండుకున్న పసుపు

మా అత్త ఇంట్లో దేన్నీ 'అయిపోయింది' అనదు. బియ్యమైనా ఉప్పైనా పసుపైనా 'నిండుకున్నది' అంటుంది. అయిపోయిందంటే లక్ష్మి అలిగి వెళ్లిపోతుందని ఆమె భయం. పెళ్లైన కొత్తలో ఖాళీ డబ్బాల మూతలు తీసి చూసి నవ్వుకునేదాన్ని.

మెట్‌పల్లిలో మాది చిన్న పసుపు గిర్ని. మా చేనులో పండిన కొమ్ములే ఆడించి అమ్ముతాం. గిర్ని నడిచే పొద్దుల్లో కిటికీలోంచి పడే ఎండ కూడా పసుపైపోయేది. ఆ పొడిలో కూర్చుని నేను ఎటో వెళ్లిపోయేదాన్ని. పక్కింటి దర్జీ చాచా బామ్మర్దికి షార్జాలో కిరాణా దుకాణం ఉంది. సెలవు మీద వచ్చి తిరిగిపోయే మనవాళ్ల సంచుల్లో మా పొట్లాలు అక్కడికి చేరేవి. ఎన్నడూ చూడని ఆ ఊళ్లో గోడలు, ఇసుక, సముద్రం అన్నీ నాకు మా పసుపు రంగులోనే కనిపించేవి.

ఓ చలికాలం పొద్దున షార్జా నుంచి ఆ దుకాణపాయన ఫోన్ చేస్తే అత్త ఎత్తింది.

"అమ్మా, పసుపు ఉన్నదా?"

"నిండుకున్నది బిడ్డా."

ఆయన సంబరంగా పెట్టేశాడు. గిర్ని నిండా సరుకుందనుకుని, తోటి దుకాణాలు నాలుగింటికి మా పసుపు ఇస్తానని మాట ఇచ్చేశాడు. ఆ సంగతి చాచా వచ్చి చెబితేనే మాకు తెలిసింది. కొత్త పంటకు ఇంకా రెండు నెలలుంది. గిర్ని అంతా ఊడ్చినా గుప్పెడు రాదు. ఇన్నేళ్లకు దొరికిన పెద్ద బేరం ఒక్క మాటతో పోయేలా ఉంది.

"మార్కెట్ల కొని ఆడిద్దాం అత్తమ్మా, ఎవలకు తెలుస్తది?" అన్నాను.

"గది మన పసుపు కాదు. గాయన మన పసుపని చెప్పుకున్నడు," అంది.

చివరికి నేనే ఫోన్ చేసి, సిగ్గుతో చితికిపోతూ, అత్త మాటకు అర్థం చెప్పాను. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను.

"మా అమ్మీ గూడ గట్లనే అంటుండె," అన్నాడు మెల్లగా. "అక్క ఇంట్ల ఉన్నప్పుడు మీ వాడకట్టుల నేర్చుకున్నది. ఆమె పోయి పన్నెండేండ్లాయె. గా మాటే యాది లేకుంట పోయింది నాకు." మళ్లీ తనే, "పంట దాక ఆగుమని వాళ్లకు నేను చెప్పుకుంట, ఫికర్ చెయ్యకుండ్రి. జర అమ్మకు ఫోన్ ఇయ్యండ్రి," అన్నాడు.

అత్త బెదురుతూ అందుకుంది.

"అమ్మా, పసుపు ఉన్నదా?"

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను.

"నిండుకున్నది బిడ్డా."

"ఇంకోసారి అను అమ్మా," అన్నాడాయన.